మట్టిని మింగి మట్టినే తిరిగి ఇచ్చే జీవి

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

వానపాముల గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాం. ఒకే సంగతిని వేర్వేరు వైపుల నుంచి అడిగిన ప్రశ్నలు కనుక, ఒక సమాధానంలో చెప్పినదాన్ని మరొకదానిలో తిరిగి చెప్పలేదు. వీలైతే వరుసగా చదవమని మనవి.

ప్రశ్న: వానపాములు నేలను సారవంతం చేస్తాయని బడి పుస్తకాల నుంచి వింటూనే ఉన్నాం. మట్టి తిని మట్టినే విసర్జించే ప్రాణి వల్ల, నేలలో లేని సారం కొత్తగా ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు: లేని సారాన్ని వానపాము పుట్టించదు. ఈ మాటను ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే వానపాములను మెచ్చుకునే రాతల్లో చాలావరకు దీన్ని దాటవేస్తారు. గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేర్చే శక్తి పప్పుజాతి మొక్కల వేరుబుడిపెల్లో ఉండే బాక్టీరియాకు ఉంది గాని వానపాముకు లేదు. భాస్వరాన్ని గాని పొటాష్‌ను గాని అది తయారు చేయలేదు. నేలలో ఉండి కూడా వేళ్లకు అందని రూపంలో చిక్కుకుపోయిన పోషకాలను అందే రూపంలోకి మార్చడం దాని పని. ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే మీ సందేహం పూర్తిగా తీరుతుంది.

వానపాముకు పళ్లు లేవు. రాలిన ఆకులను, చచ్చిన వేళ్లను, పేడను, వాటిని పట్టుకొని ఉన్న శిలీంధ్రాలను, బాక్టీరియాను మట్టితో కలిపి మింగుతుంది. గొంతు దాటిన తర్వాత దిట్టమైన కండరాలతో కూడిన అంతర జఠరం ఉంటుంది. కోడి పొట్టలో కందనకాయ చేసే పనినే ఇది ఇక్కడ చేస్తుంది, అంటే మింగిన ఇసుక రేణువులనే తిరగలి రాళ్లుగా వాడుకొని ఆకుముక్కలను మెత్తగా నూరుతుంది. అక్కడి నుంచి పేగులోకి వెళ్లిన మట్టికి పుష్కలంగా నీరు, తేలికగా కరిగే జిగురు అందుతాయి. మట్టిలో ఆహారం లేక నిద్రాణంగా పడి ఉన్న సూక్ష్మజీవులు ఆ తేమకూ జిగురుకూ ఒక్కసారిగా మేలుకుంటాయి. వానపాము తనంతట తాను అరిగించుకోలేని పీచుపదార్థాన్ని అవి విడగొడతాయి, అలా విడివడినదానిలో కొంత వానపాముకు ఆహారమవుతుంది, మిగిలినది సూక్ష్మజీవులతో సహా గుళికలుగా బయటికి వస్తుంది. ఇంతకుముందు ఆకు ముక్కలో బందీగా ఉన్న నత్రజని ఇప్పుడు అమోనియం, నైట్రేట్ రూపాల్లో వేరు పీల్చుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. దీనికి తోడు వానపాము తన ఒంటి నుంచి అమోనియానూ యూరియానూ విసర్జిస్తుంది, బొరియ గోడలకు జిగురు పూస్తూ పోతుంది, చనిపోయినప్పుడు మాంసకృత్తులు నిండిన దాని శరీరం కొద్ది రోజుల్లోనే కుళ్లి నేలలో కలుస్తుంది.

1944లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఈ గుళికలను పక్కనున్న పైమట్టితో పోల్చి విశ్లేషించినప్పుడు, గుళికల్లో నైట్రేట్ నత్రజని సుమారు 5 రెట్లు, మొక్కకు అందే భాస్వరం 7 రెట్లు, పొటాషియం 11 రెట్లు ఉన్నట్లు తేలింది. ఈ అంకెలు చూసి పొలం మొత్తానికి సారం అన్ని రెట్లు పెరుగుతుందని అనుకోకూడదు. వానపాము సారవంతమైన ముక్కలను ఏరుకొని తింటుంది కనుక, చుట్టుపక్కల చెల్లాచెదురుగా ఉన్న సారం ఆ గుళికలో ఒకచోట పోగవుతుంది.

పొలం మొత్తానికి జరిగే మేలును తేల్చడానికి అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన పరిశోధన ఒకటి 2014లో వెలువడింది. వానపాములున్న మట్టిలో పంట దిగుబడి సగటున 25 శాతం ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. అయితే నత్రజని ఎరువు పుష్కలంగా వేసిన చోట ఈ లాభం కనిపించలేదు. వానపాము చేసే ప్రధానమైన మేలు నత్రజనిని విడుదల చేయడమేనని దీన్నిబట్టి అర్థమవుతుంది. ప్రపంచ ధాన్యోత్పత్తిలో దాదాపు 6.5 శాతానికి వానపాములే కారణమని 2023లో మరో అధ్యయనం అంచనా కట్టింది. పప్పుజాతి పంటలతో కలిపితే అది ఏడాదికి 14 కోట్ల టన్నులకు పైమాటే. నిజానికి ఎరువులు కొనలేని రైతు పొలంలోనే ఈ జీవి విలువ అందరికంటే ఎక్కువ. నా మటుకు నాకు ఈ పరిశోధనలన్నింటిలో మనసులో నిలిచిపోయిన సంగతి ఇదే.

పోషకాలు ఒక ఎత్తు, నేల కట్టుబడి ఒక ఎత్తు. గుళిక తాజాగా ఉన్నప్పుడు మెత్తగా ఉండి వానకు చెదిరిపోతుంది గాని, ఎండి, శిలీంధ్రాల సన్నని పోగులు అల్లుకున్న తర్వాత నీటిలో వేసినా త్వరగా కరగదు. ఇటువంటి గుళికలతో నిండిన మట్టి గుల్లగా ఉండి వేరుకు దారి ఇస్తుంది, వాన చినుకులు పడ్డప్పుడు పైన పెచ్చు కట్టదు. లోతుకు తవ్వే వానపాముల బొరియలు కొన్ని రెండు మీటర్లకు పైగా నిటారుగా దిగుతాయి. జిగురు పూసిన ఆ గోడలు ఏళ్ల తరబడి కూలకుండా నిలుస్తాయి కనుక, కుండపోతగా కురిసిన నీరు పొలం మీదుగా మట్టిని కోసుకుంటూ పారిపోకుండా ఆ గొట్టాల గుండా లోపలికి ఇంకుతుంది. కొత్త మొక్కల వేళ్లు కూడా చాలాసార్లు ఈ పాత బొరియలనే వెతుక్కుంటూ గట్టి అడుగుపొరను దాటుతాయి.

ప్రశ్న: పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ వానపాముల మీద కూడా పుస్తకం రాశారని విన్నాను. అంతటి శాస్త్రవేత్తకు వాటిలో ఏం కనిపించింది?

జవాబు: మీరు విన్నది నిజం. ఆయన చివరి పుస్తకం వానపాముల గురించినదే. అది 1881లో వెలువడింది, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. అయితే ఆ ఆలోచన వృద్ధాప్యంలో పుట్టినది కాదు. యువకుడిగా బీగిల్ అనే ఓడలో ప్రపంచాన్ని చుట్టి వచ్చిన కొద్ది కాలానికే ఆయన మేనమామ తన పచ్చిక బయలును చూపించి, కొన్నేళ్ల క్రితం పైన చల్లిన సున్నం, బొగ్గు కసటు ఇప్పుడు కొన్ని అంగుళాల లోతున ఉన్నాయని, ఇది వానపాముల పనేనని అన్నారు. 1837లోనే డార్విన్ ఈ విషయంపై లండన్ జియలాజికల్ సొసైటీలో పత్రం చదివారు.

ఆ తర్వాత ఆయన చూపిన ఓర్పు మరొకరిలో చూడలేం. 1842లో తన ఇంటి దగ్గరి పొలంలో సుద్దరాయి ముక్కలు పరిపించి, 29 ఏళ్లు ఆగి, 1871లో అక్కడ కందకం తవ్వించి చూస్తే ఆ ముక్కల తెల్లని గీత నేలకు 7 అంగుళాల లోతున కనిపించింది. ముక్కలు తమంతట తాము దిగలేదు. వానపాములు కిందినుంచి మట్టిని మింగి తెచ్చి పైన విసర్జిస్తూ పోగా, రాళ్ల కింద నేల కుంగి పైన కొత్త మట్టి పేరుకుంది. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు మించిన ఎండు మట్టి వానపాముల శరీరాల గుండా పోయి పైకి వస్తుందని ఆయన లెక్కగట్టారు. పురాతన కట్టడాల శిథిలాలు మట్టిలో కప్పబడి చెడకుండా మిగలడంలో కూడా వీటి పాత్ర ఉందని చెప్పారు.

వాటి ఇంద్రియాల మీద ఆయన చేసిన పరీక్షలు కూడా చెప్పుకోదగ్గవి. కుండీల్లో పెంచిన వానపాములకు దగ్గరగా వాద్యాలు గట్టిగా వాయించినా అవి చలించలేదు, కాని అదే కుండీని పియానో మీద పెట్టి మెట్టు నొక్కగానే అదురు తగిలి చటుక్కున బొరియలోకి దూరిపోయాయి. గాలిలోని శబ్దం వాటికి వినపడదు గాని నేల అదురు తెలుస్తుందన్నమాట. బొరియ నోటిని మూయడానికి ఆకులను లాక్కునేటప్పుడు ఎక్కువగా సన్నని కొసను పట్టి లాగడం చూసి, త్రికోణాకారపు కాగితం ముక్కలు వేసి మరీ పరీక్షించారు. వాటిని కూడా అవి ఎక్కువసార్లు సన్నని మూల పట్టే లాగాయి. తోటలను పాడుచేసే పురుగులుగా వానపాములను చూసిన రోజుల్లో, అంతటి పేరున్న మనిషి వాటి ముందు మోకరిల్లి ఇన్నేళ్లు గడపడం నాకు ఎప్పుడు తలచుకున్నా గౌరవం కలిగిస్తుంది.

ప్రశ్న: వాన పడగానే ఇవి ఎందుకు బయటికి వస్తాయి? రెండుగా తెగితే రెండు వానపాములవుతాయనేది నిజమా?

జవాబు: రెండవదానికి ముందు జవాబు చెబుతాను: నిజం కాదు. తల, మెదడు, గుండెల వంటి రక్తనాళాలు, సంతానాంగాలు అన్నీ ముందు భాగంలోనే ఉంటాయి. తోక వైపు కొంత భాగం తెగిపోతే కొన్ని జాతుల్లో ముందు భాగం బతికి తోకను తిరిగి పెంచుకోగలదు. తెగిన తోక ముక్క కాసేపు కదిలినా సాధారణంగా చనిపోతుంది. కనుక పారతో నరికితే సంఖ్య పెరుగుతుందనుకోవడం పొరపాటు.

వానకు బయటికి రావడానికి కారణం ఒక్కటే అని చెప్పలేం. వానపాము చర్మంతోనే శ్వాసిస్తుంది, చర్మం తడిగా ఉంటేనే ఆ శ్వాస సాగుతుంది. నీటిలో మునిగి ఊపిరాడక వస్తాయని చాలామంది అంటారు గాని, ప్రాణవాయువు కరిగి ఉన్న నీటిలో అనేక జాతులు రోజుల తరబడి బతుకుతాయి. అయితే నీరు నిలిచిన మట్టిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు, దాని అవసరం ఎక్కువగా ఉన్న జాతులు పైకి వస్తాయి. ఎండ లేని తడి నేల మీద చర్మం ఎండిపోకుండా దూరం పోవడానికి వీలుంటుంది కనుక కొత్త చోటికి వలసపోవడానికీ, జత వెతుక్కోవడానికీ కూడా అది మంచి అదను. ఎండ వచ్చేసరికి మట్టిలోకి చేరలేకపోతే ఆ అతినీలలోహిత కిరణాలకూ వేడికీ అవి కదలలేని స్థితికి వచ్చి చచ్చిపోతాయి. బాట మీద అలా చిక్కుకున్నదాన్ని చూస్తే తీసి పక్కనున్న తడి మట్టిలో వేయండి.

ప్రశ్న: వర్మీకంపోస్టు తొట్టిలో పెంచిన వానపాములను తెచ్చి పొలంలో వదిలితే నేల బాగుపడుతుందా?

జవాబు: సాధారణంగా బాగుపడదు, ఆ ప్రాణులు మాత్రం పోతాయి. ఐదు వేలకు పైగా వానపాము జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు, అవన్నీ ఒకే పని చేయవు. ఫ్రాన్స్‌కు చెందిన మార్సెల్ బూషే 1970లలో వీటిని నివాసాన్ని బట్టి మూడు తెగలుగా విడదీశారు. మొదటి తెగవి నేలపైన ఆకు అలములోనూ పెంటకుప్పల్లోనూ బతుకుతాయి, మట్టిని పెద్దగా తవ్వవు. రెండవ తెగవి పైమట్టిలో అడ్డదిడ్డంగా బొరియలు తొలుస్తూ మట్టినే ఆహారంగా తింటాయి, ఇవి పైకి కనిపించేది తక్కువ. మూడవ తెగవి నిటారుగా లోతైన బొరియ తవ్వుకొని అందులో స్థిరంగా ఉంటూ, రాత్రిపూట పైకి వచ్చి ఆకులను లోపలికి లాక్కుపోతాయి. తొట్లలో పెంచే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే, పెరియోనిక్స్ ఎక్సకవేటస్ అనేవి కుళ్లుతున్న సేంద్రియ పదార్థం దండిగా ఉన్న చోట బతికేవి. వాటిని ఉత్త మట్టిలో వదిలితే తిండి లేక చస్తాయి.

అంటే వర్మీకంపోస్టు వృథా అని కాదు. వ్యర్థాలను త్వరగా మంచి ఎరువుగా మార్చడంలో ఈ జాతులకు సాటి లేదు. వాటి చోటు తొట్టి, అవి చేసిన ఎరువు చోటు పొలం. పొలంలో పనిచేయవలసినవి అక్కడి మట్టికి అలవాటుపడిన రెండవ, మూడవ తెగలవి. ఇవి నెమ్మదిగా పెరుగుతాయి. లోతుకు తవ్వే జాతుల్లో ఒక గుడ్లకోశం నుంచి మామూలుగా ఒక్క పిల్లే వస్తుంది, అది ఎదిగి సంతానం కనడానికి దాదాపు ఏడాది పడుతుంది. కొత్త నేలలోకి వానపాములు ఏడాదికి సుమారు 5 నుంచి 10 మీటర్ల చొప్పున మాత్రమే వ్యాపిస్తాయి. అందుకే ఒకసారి పోగొట్టుకున్న సంతతిని తిరిగి తెచ్చుకోవడం ఏళ్ల మీద పని.

కావాలని ప్రవేశపెట్టి మేలు పొందిన సందర్భాలు లేకపోలేదు. న్యూజిలాండ్‌లో సరైన జాతులు లేని పచ్చిక బయళ్లలో, వానపాములున్న చోట నుంచి పచ్చిక గడ్డలను మట్టితో సహా కోసి తెచ్చి దూరం దూరంగా పెట్టారు. పైన తుక్కుగా పేరుకున్న ఎండు గడ్డి కరిగి మట్టిలో కలిసింది, గడ్డి దిగుబడి పెరిగింది. నెదర్లాండ్స్‌లో సముద్రం నుంచి తీసుకున్న నేలల్లోనూ ఇలాగే చేశారు. ఈ రెండు చోట్లా నేలలో ఆ పని చేసే వానపాములు లేకపోవడమే అసలు లోటు. తిండి లేక, మందుల వల్ల సంఖ్య తగ్గిన పొలంలో కొత్తవాటిని తెచ్చి వదలడం కంటే ఉన్నవాటికి బతుకుతెరువు చూపడమే పద్ధతి.

ప్రశ్న: రసాయన ఎరువులు, మందులు వానపాములను చంపుతాయంటారు. అన్నీ అంతేనా?

జవాబు: అన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. మితంగా వేసిన ఎరువు పంట ఏపుగా పెరగడానికి తోడ్పడితే, ఆ పంట వేళ్లు, మోళ్లు, ఆకులు వానపాములకు ఎక్కువ తిండి అవుతాయి. హాని వచ్చేది నేలను పులిసేలా చేసే ఎరువులతో. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1856 నుంచి సాగుతున్న గడ్డి ప్రయోగంలో, సున్నం వేయకుండా ఏటేటా అమ్మోనియం సల్ఫేట్ వేసిన మళ్లు విపరీతంగా ఆమ్లమయమై వానపాములు లేకుండా పోయాయి, చచ్చిన గడ్డి కుళ్లకుండా చాపలా పైన పేరుకుంది. వానపాము లేని నేల ఎలా ఉంటుందో కళ్లకు కట్టే దృశ్యమది.

మందులలో కార్బోఫ్యురాన్, కార్బరిల్ వంటి కార్బమేట్ జాతివి వానపాములకు మిక్కిలి విషం. తెగుళ్ల కోసం ఏళ్ల తరబడి చల్లిన రాగి మందులు పైమట్టిలో పేరుకుపోతాయి, రాగి కరిగి పోయేది కాదు గనుక ఆ తోటల్లో వానపాములు తిరిగి రావడం చాలా కష్టం. ఇంకొన్ని మందులు వాటిని చంపవు గాని ఒంట్లో పోగవుతాయి. 1950లలో అమెరికాలో ఎల్మ్ చెట్ల తెగులును వ్యాపింపజేసే పెంకుపురుగుల కోసం డీడీటీ చల్లారు. ఆ ఆకులు రాలి నేలను చేరాయి, వానపాములు వాటిని తిన్నాయి, వసంతంలో ఆ వానపాములను తిన్న రాబిన్ పక్షులు గుంపులుగా చచ్చిపోయాయి. పక్షులకూ కప్పలకూ మరెన్నో జంతువులకూ వానపాము ఆహారం కనుక నేలలో పడ్డ విషం నేలతో ఆగదు.

దుక్కి సంగతి కూడా చెప్పాలి. నాగలికి తెగేవి కొన్నే. అసలు నష్టం స్థిరమైన బొరియలు కూలిపోవడం వల్లా, పైనున్న తిండి మాయమవడం వల్లా, బయటపడినవి ఎండకూ పక్షులకూ గురికావడం వల్లా కలుగుతుంది. పదే పదే లోతుగా దున్నే పొలంలో మూడవ తెగవి దాదాపు కనుమరుగవుతాయి. దున్నడం తగ్గించి, మోళ్లనూ ఆకులనూ కాల్చకుండా నేల మీదనే కప్పుగా ఉంచిన పొలంలో కొన్నేళ్లలో తిరిగి కనిపిస్తాయి.

ప్రశ్న: వానపాముల వల్ల పర్యావరణానికి కీడు కూడా జరుగుతుందని చదివి ఆశ్చర్యపోయాను. ఇది ఎంతవరకు నిజం?

జవాబు: రెండు విషయాల్లో నిజం. ఉత్తర అమెరికా ఉత్తర భాగంలో మంచుయుగపు హిమానీనదాలు కప్పిన నేలల్లో వేల ఏళ్లుగా వానపాములు లేవు. అక్కడి అడవులు మందమైన ఆకుల పరుపు మీద ఆధారపడి ఎదిగాయి. వలస వచ్చినవారి మొక్కల మట్టితోనూ, చేపల ఎరగా వాడి మిగిలినవి పారబోయడంతోనూ ఐరోపా జాతులు, ఆ తర్వాత ఆసియా జాతులు అక్కడ చేరి ఆ పరుపును తినేశాయి. దాన్ని నమ్ముకున్న మొలకలు, అడవి పూలు, చిన్న జీవులు దెబ్బతిన్నాయి. అందుచేత ఎరకు తెచ్చిన వానపాములను అడవిలో వదలరాదు.

రెండవది వాయువుల సంగతి. వానపాములున్న మట్టి నుంచి కార్బన్ డయాక్సైడ్ 33 శాతం, నైట్రస్ ఆక్సైడ్ 42 శాతం ఎక్కువగా వెలువడుతున్నట్లు 2013లో వెలువడిన ఒక సమీక్ష తెలిపింది, అయితే మట్టిలోని సేంద్రియ కర్బన నిల్వ తగ్గినట్లు అందులో తేలలేదు. సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేసే చోట వాయువులు ఎక్కువగా వెలువడటం సహజమే. గుళికల లోపల చిక్కుకున్న కర్బనం మరోవైపు చాలాకాలం చెక్కుచెదరక ఉంటుంది. పంట దిగుబడి, ఇంకే నీరు, ఆగే మట్టికోత ఇవన్నీ కలిపి తూచితే పంటపొలంలో వానపాము వల్ల మేలే ఎక్కువన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: మా నేలలో వానపాములు తగినన్ని ఉన్నాయో లేదో పరీక్ష కేంద్రానికి పోకుండా తెలుసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా తెలుసుకోవచ్చు. నేల పదునుగా ఉన్నప్పుడు, ఎండ ముదరకముందు, 20 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంట తీసి, ఆ మట్టిని ఒక పట్టా మీద వేసి చేత్తో చిదిపి చూస్తూ దొరికినవాటిని లెక్కపెట్టండి. పొలంలో నాలుగైదు చోట్ల ఇలా చేసి, ఎప్పుడూ దున్నని గట్టు పక్కనో చెట్టు కిందనో మరో రెండు గుంటలు తీయండి. ఇంత ఉంటే మంచిదని అన్ని నేలలకూ ఒకే అంకె చెప్పడం కుదరదు, మీ నేల ఎన్నింటిని పోషించగలదో ఆ దున్నని చోటే మీకు చెబుతుంది. వేసవిలో కనిపించకపోతే కంగారు పడకండి, చాలా జాతులు ఎండకాలంలో లోతుకు దిగి జిగురు పూసిన చిన్న గదిలో ముడిలా చుట్టుకొని వానలదాకా నిద్రపోతాయి. లెక్క ముగిశాక ముందు గుంట పూడ్చి, ఆ తర్వాత వానపాములను పైన వదిలి తడి ఆకులు కప్పండి. గుంటలో వేసి పైన మట్టి కుమ్మరిస్తే నలిగిపోతాయి.